మరియదాసు ఎడమ చెవి

మరియదాసు ఎడమ చెవికి పై సగం లేదు. మిగిలిన సగం మాడిన జొన్నరొట్టె అంచులా ముడుచుకుపోయి ఉండేది. పోయిన సగం ఎక్కడికి పోయిందని గురజాల బజారులో అడిగితే ఒక్కొక్కడు ఒక్కో కథ చెబుతాడు. అది పత్తిలో పడి, బేలులో ఇరుక్కుని, బొంబాయి మిల్లుకు పోయిందని కొందరు. ఆ నూలుతో నేసిన పంచె కట్టుకున్న పెద్దమనిషికి నాలుగిళ్ళ అవతల గుసగుసలు కూడా వినపడి మతి పోయిందని వాళ్ళ మాట. అదేం కాదు, చిన్న షావుకారు మింగేశాడు, ఆ తర్వాత ఆయన భోంచేసి పడుకుంటే పొట్టలోంచి "ఐలేసా" అని హమాలీల కేక వినపడేదని ఇంకొందరు.

మరియదాసు మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఇదీ వింత. ఎందుకంటే గురజాల తాలూకా మొత్తం మీద వాడంత కోతలరాయుడు ఇంకొకడు పుట్టలేదు. అలాంటివాడు ఆ ఒక్క సంగతి దగ్గర నోటికి తాళం ఎందుకేసుకున్నాడో తెలియాలంటే ముందు వాడి భుజాల సంగతి తెలియాలి.

ఊరి చివర పేటలో పుట్టినప్పుడు వాడు ఏడవలేదట, మంత్రసానిని తన్నాడట. ఆమె పన్నొకటి ఊడింది. మిషను బళ్ళో పంతులు వాడి వీపు మీద బెత్తం విరగ్గొట్టి, బెత్తం ఖర్చు భరించలేక బడి మాన్పించాడు. మీసం మొలవకముందే పత్తి బజారులో హమాలీల ముఠాలో చేరాడు. ఒకసారి బేలు మీద పడుకుని కునుకు తీస్తున్న గుమస్తాని బేలుతో సహా స్టేషను దాకా మోసి, రైలు పెట్టెలో పెట్టేస్తే, ఆ మనిషి నిద్ర లేచేసరికి మాచర్లలో ఉన్నాడు. తిరునాళ్ళలో ఎవడో రూతమ్మ చెయ్యి పట్టుకున్నాడని వాడి దవడ పక్కకు తిప్పాడు. ఆ తర్వాత ఆ మనిషి ఎదురుగా ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే పక్కకు తిరిగి నిలబడాల్సి వచ్చేదట. ఆ రూతమ్మే తర్వాత మరియదాసు పెళ్ళామైంది.

నల్లమల అంచున చిరుతపులిని రెండు చెవులూ పట్టుకుని వంగదీశానని కూడా చెప్పేవాడు. "ఏ జంతువైనా చెవులు దొరికితే మనకు లొంగినట్టేరా," అని పిల్లకాయలకు పాఠం చెప్పేవాడు. తన చెవి ఒకడికి దొరుకుతుందని అప్పటికి వాడికేం తెలుసు?

కొట్టడం వాడికి పత్తిగింజ, చెప్పుకోవడం దూది. గింజ ఒకసారి తీసేసి, దూది మాత్రం ఏళ్ళ తరబడి ఏకుతూ ఉండేవాడు.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు చీటీ మీద ఇస్తున్నారు, పత్తికి మాత్రం గిరాకీ మండిపోతోంది. బజారులో అందరికన్నా పెద్ద పత్తి కొట్టు వెంకటకృష్ణయ్యగారిది. ఆయన కొడుకు, చిన్న షావుకారు శేషగిరిరావు, కొట్టులో కాటా దగ్గర కూర్చునేవాడు. సన్నటి మనిషి, మెళ్ళో బంగారు గొలుసు, ముక్కు మీద కోపం. ఆ ఇంట్లో కోడిగుడ్డు మాట ఎత్తినా నోరు కడుక్కుంటారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున బండ్ల మీదికి పత్తి ఎక్కిస్తున్నారు. ముఠా మేస్త్రి ఇన్నయ్య ముసలాడు, మరియదాసుకు వరసకు బాబాయి. కాలు జారి ఆయన భుజం మీది బోరెం, నిండు పత్తిసంచి, ఎడ్లు తాగే కుడితిగోలెం పక్క బురదలో పడింది. శేషగిరిరావు ఒక్క ఉదుటున లేచాడు. గోడకు తగిలించిన ఇనప కొక్కెం తీసి ముసలాడి నెత్తిన వేశాడు. కొక్కెం మొన దిగి, నుదుటి చర్మం కనుబొమ్మ దాకా చీలింది. ఇన్నయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళు నెత్తుటితో మూసుకుపోయి, చేతులతో నేల తడుముకుంటున్నాడు.

"ముసలి గాడిదా! మీ అయ్య సొమ్మనుకున్నావురా?" అని శేషగిరిరావు మళ్ళీ కొక్కెం ఎత్తాడు.

అది కిందికి దిగలేదు. మరియదాసు భుజం మీది బేలుని దించలేదు, విసిరేశాడు. చిన్న షావుకారు నడుం దొరకబుచ్చుకుని, బోరెం ఎత్తినట్టు ఎత్తి ఎడమ భుజాన వేసుకున్నాడు.

"బాబాయ్, నీకు బరువైంది ఇదేనా? ఒరేయ్, రండ్రా, చిన్న షావుకారుగారు ఎంత తూగుతారో కాటా వేద్దాం! తరుగు తీసేస్తే ఏం మిగులుద్దో!"

హమాలీలు నవ్వారు. బండ్లవాళ్ళు నవ్వారు. ఎదురుగా ఉప్పు కొట్టాయన కూడా నవ్వాడు. శేషగిరిరావు గాల్లో కాళ్ళు కొట్టుకుంటున్నాడు, గుద్దుతున్నాడు. ఆ గుద్దులు మరియదాసుకు దోమ వాలినట్టున్నాయి. నవ్వు పెరిగేకొద్దీ శేషగిరిరావు మొహం వంకాయ రంగుకు తిరిగింది. ఆ మొహానికి బెత్తెడు దూరంలో ఉంది మరియదాసు ఎడమ చెవి.

పళ్ళు దిగాయి.

మరియదాసు పెట్టిన కేకకు, స్టేషనులో ఆగున్న రైలు గార్డు ఈల వేశాడనుకుని కదిలిపోయిందంటారు. వాడు శేషగిరిరావుని జుట్టు పట్టి గుంజాడు. పళ్ళు వదలలేదు. బేలుకేసి ఆ మనిషి వీపు బాదాడు. వదలలేదు. రెండు చేతులతో పట్టి విసిరేస్తే శేషగిరిరావు పోయి పత్తికుప్పలో పడ్డాడు, తనతోపాటు చెవిలో సగం కూడా పోయింది. తెల్లటి పత్తి మీద నెత్తురు ధారగా పడింది. కుప్పలోంచి లేచిన శేషగిరిరావు గడ్డం దాకా ఎర్రగా ఉన్నాడు. ఒక గుటక వేశాడు. ఆ గుటక ఉమ్మా, ఇంకోటా అన్నదే బజారుకు ఇవాళ్టికీ తెగని తగవు.

పదిమంది పట్టుకుంటే గాని మరియదాసు ఆగలేదు. సాయంత్రం దాకా పత్తి వెతికినా ముక్క దొరకలేదు. ఆ రాత్రి షావుకారుగారింట్లో తల్లి కొడుకు నోట్లో తులసినీళ్ళు పోసి పుక్కిలించమంటూనే ఉందట, పెరట్లో బావికి అడుగు కనపడేదాకా.

ధర్మాసుపత్రిలో కాంపౌండరు మందు రాసి కట్టు కట్టాడు. "వినికిడికేం ఢోకా లేదు. చిన్న దెబ్బే," అన్నాడు.

"చిన్న దెబ్బా? నీది ఇటివ్వు, నేనూ చిన్నదే కొడతా," అన్నాడు మరియదాసు. కాంపౌండరు బల్ల అవతలికి పోయి నిలబడ్డాడు.

ఆ బజారు హమాలీలకు తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. కొట్టులో ఎవరి వల్ల నెత్తురు పడినా, పడేసినవాడు నష్టం ఇచ్చుకోవాలి. ఇచ్చి, దెబ్బ తిన్నవాడితో కలిసి ముఠా ముందు ఒకే పళ్ళెంలో తినాలి. దాన్ని ముద్ద కలపడం అంటారు. ముద్ద కలిశాక ఆ కొట్లాట ఊసు ఇద్దరూ చచ్చేదాకా ఎత్తకూడదు. కలవనంత కాలం ఆ కొట్టు సరుకుకు ఏ హమాలీ భుజం ఇవ్వడు. అప్పటిదాకా హమాలీలూ బండ్లవాళ్ళూ కొట్టుకుని ముద్దలు కలుపుకున్నారే గాని, షావుకారు ఇంట్లోవాడికి ఆ అవసరం పడలేదు. షావుకార్లు కొడితే దాన్ని కొట్లాట అనరు కదా. ఈసారి నెత్తుటి నోటితో బజారు నడిమధ్య నిలబడ్డాడు గనక అనక తప్పలేదు.

ఇన్నయ్య నుదుటికి గుడ్డ చుట్టుకుని, పని ఆపమని చెయ్యెత్తాడు. వెంకటకృష్ణయ్యగారి కొట్టు ఆగిపోయింది. బేళ్ళన్నీ ఆరుబయట, పైన ఆకాశం. పడమట సాయంత్రం పూట మబ్బులు తొంగిచూడ్డం మొదలెట్టాయి.

అప్పుడు గుమస్తా పేటకు వచ్చాడు. వెనక ఒక జీతగాడు బర్రెను తోలుకొచ్చాడు. ఈని నెల తిరగని బర్రె, పక్కన దూడ. నిగనిగలాడుతోంది. పేటలో ఆడవాళ్ళంతా దడుల మీదుగా చూస్తున్నారు.

"దాసూ, పెద్ద షావుకారుగారు ధర్మాత్ముడురా," అన్నాడు గుమస్తా. "చిన్న దెబ్బకి పాడిబర్రె ఎవడిస్తాడు? నీది. కట్టేసుకో."

"ముద్దెప్పుడు కలుపుతారు?"

గుమస్తా మొహం చిట్లించాడు. "ముద్దేందిరా? వాళ్ళింటి పిల్లాడు నీ పళ్ళెంలో తింటాడా? అదేం కుదరదు. ఇంకో మాట. చెవేమైందని ఎవరడిగినా కుక్క కరిచిందని చెప్పాలి. చిన్న షావుకారు నోట్లో నీ చెవి పడిందంటే వాళ్ళవాళ్ళలో తలెత్తుకోలేరు."

"ఏ కుక్కండీ?"

"ఏదో ఒక కుక్క. ఊళ్ళో కుక్కలకు కరువా?"

"అట్టా కాదు, అడిగినోళ్ళకు ఆనవాలు చెప్పాలిగా. రంగేంది? మెళ్ళో బంగారు గొలుసు ఉందా, లేదా?"

దడుల వెనక కిసుక్కుమన్నారు. గుమస్తా ఎర్రబడ్డాడు. "బర్రెను ఇక్కడే కట్టేసి పోతున్నా. పొద్దున్నే వచ్చి కొట్టులో మాట చెప్పు. చెప్పకపోతే తర్వాత జరిగేదానికి నన్ననొద్దు."

మరియదాసు బర్రెను వెంటనే తోలేసేవాడే. రూతమ్మ తాడు పట్టుకుంది. ఆమె చంకలో కృపామణి ఉంది. పుట్టినప్పటి నుంచీ సరిగా పాలు లేని పిల్ల, జొన్నగంజి తాగి కడుపు మాత్రమే పెరిగిన పిల్ల.

"ఏమయ్యా, బర్రెను పంపిస్తే చెవి మొలుస్తదా?" అంది.

"ఏమే, నీ మొగుణ్ణి కుక్క కరిచిందని చెప్పుకుంటావా?"

"పులిని వంగదీశానని చెప్పుకుంటివి. చిరుత సంగతి నమ్మినోళ్ళు కుక్క సంగతి నమ్మరా? ఉన్న అబద్ధాల్లో ఇదొకటి కలుపు. పిల్ల బతుకుద్ది."

తెల్లారి రూతమ్మ పాలు పితికింది. కృపామణి గ్లాసుడు తాగి, మూతికి తెల్లటి మీసంతో తండ్రిని చూసి నవ్వింది. మరియదాసు గుండె కరిగి నీరైంది. సరే, చెబుదామనుకున్నాడు. ఇంటి వెనక రాయి మీద కూర్చుని, ఎవరికీ వినపడకుండా తనలో తనే చెప్పి చూసుకున్నాడు. "డొంకలో వస్తుంటే కుక్కొకటి..." అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టాడు. "పెద్ద కుక్క, దూడంత ఉంది..." మళ్ళీ ఆగింది. నోరు తెరిస్తే ఏనుగుల్ని ఎగరేసే మనిషికి ఆ బక్కకుక్క పెదవి దాటి రాలేదు. వాడికి అబద్ధం అలవాటే. ఇంకొకడు ఆడమన్న అబద్ధమే అలవాటు లేదు.

ఇన్నయ్య నుదురు గుర్తొచ్చింది. కుక్క కరిచింది నన్నయితే, బాబాయి తల పగలగొట్టింది ఎవరు? అదీ కుక్కేనా?

వాడింకా అటూ ఇటూ ఊగుతుండగానే పేట మొగదల కేకలు లేచాయి.

శేషగిరిరావుకు ఓపిక లేకపోయింది. బర్రె జవాబు తెచ్చేదాకా ఆగకుండా మాచర్ల నుంచి కిరాయి మనుషుల్ని రప్పించాడు. గుదికర్రలు పట్టుకుని ఏడెనిమిది మంది దిగారు. "ఎవడ్రా బేళ్ళు ఎత్తనంది?" అంటూ కనపడ్డ కుండనల్లా పగలగొడుతున్నారు. ఇన్నయ్య గుమ్మంలోకి వచ్చి, "నేనే అన్నానయ్యా," అన్నాడు. మొదటి దెబ్బకు ముసలాడి కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. ఎండుకంది కట్టె విరిగిన చప్పుడు పేటంతా వినపడింది. కిందపడ్డ మనిషిని కాలితో పక్కటెముకల్లో తన్నారు.

మరియదాసు చేతికి దొరికింది రూతమ్మ రోకలి. మొదటివాడి మోకాలి చిప్ప మీద వేశాడు. వాడు కూలిపోతూ పెట్టిన కేక ఇంకా అయిపోకముందే రెండోవాడి మూతి మీద వేశాడు. నెత్తుటితో కలిసి పళ్ళు జొన్నగింజల్లా రాలాయి. మూడోవాడి కర్ర మరియదాసు చెవి కట్టు మీదే తగిలింది. కట్టు ఊడి మెడంతా నెత్తురైంది. కళ్ళు బైర్లు కమ్మాయి. మరో దెబ్బ నడుం మీద పడింది, ఇంకోటి వేళ్ళ మీద. రోకలి జారింది. అప్పుడు రూతమ్మ పిల్లను పక్కింటావిడ చేతిలో పెట్టి, చేటలో ఉన్న కారప్పొడి అంతా వాళ్ళ మొహాల మీద విసిరింది. గురజాల మిరపకారం మామూలుది కాదు. ఆ మనుషులు కళ్ళు నులుముకుంటూ ఒకళ్ళనొకళ్ళే కొట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు పొరపాటున మాచర్ల దారి బదులు కృష్ణ దారి పట్టి, ఏరు దాటి నైజాములో తేలాడంటారు. మిగిలినవాళ్ళను పేటవాళ్ళు రాళ్ళతో బండ్లదారి దాకా సాగనంపారు.

ఇన్నయ్య దుమ్ములో పడున్నాడు. నోట్లోంచి నెత్తుటి నురుగ వస్తోంది. "అబ్బాయ్... ఎత్తలేదుగా బేళ్ళు?" అన్నాడు.

"ఎత్తలేదు బాబాయ్."

రూతమ్మ పోయి బర్రె తాడు విప్పింది. తర్వాత సత్తు పళ్ళెంలో జొన్నసంకటి వంచి, పక్కన రెండు పచ్చిమిరపకాయలు పెట్టింది.

"పద," అంది మొగుడితో. "ఇంతకుముందు నేనన్న మాట అననట్టే అనుకో."

దూడ నడవనని మొండికేస్తే మరియదాసు దాన్ని భుజాన వేసుకున్నాడు. దూడ వెంట బర్రె, బర్రె వెంట పళ్ళెంతో రూతమ్మ, ఆమె వెంట ముఠా మొత్తం. మరియదాసు మోసింది దూడను కాదు బర్రెనే అని ఉప్పు కొట్టాయన చనిపోయేదాకా ప్రమాణం చేసి చెప్పాడు. నమ్మితే నష్టమేం లేదు.

కొట్టు ముందు వెంకటకృష్ణయ్యగారు మబ్బు వంక చూస్తూ నిలబడున్నారు. నల్లమల మీద ఉరుముతోంది. మరియదాసు దూడను దించి, పళ్ళెం అందుకుని బేళ్ళ మధ్య నేల మీద పెట్టాడు. మెడ మీది నెత్తురు చొక్కా దాటి పంచె దాకా దిగింది.

"షావుకారుగారూ, బర్రె మీది, చెవి నాది. చినబాబును కూర్చోమనండి."

శేషగిరిరావు ఊగిపోయాడు. "నీ పళ్ళెంలోనా? నీ ముద్ద నేను ముట్టాలా? అంటు కదరా!"

బజారంతా వినపడేలా అన్నాడు మరియదాసు. "చెవి కొరికినప్పుడు లేని అంటు సంకటి తినేప్పుడు వచ్చిందా? నా కండ మీ గొంతు దిగితే మడే, నా ముద్ద దిగితే మైలా? ఏం శాస్త్రమండీ ఇది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నవ్వు కన్నా ఎక్కువగా కుట్టింది శేషగిరిరావుని. గోడ మీది కొక్కెం లాక్కుని మీదికొచ్చాడు. మొన మరియదాసు భుజంలో దిగి, కండ చీల్చుకుంటూ బయటికొచ్చింది. మళ్ళీ ఎత్తిన చేతిని మరియదాసు గాల్లోనే పట్టుకుని, మణికట్టు కరకరలాడేదాకా తిప్పాడు. కొక్కెం కింద పడింది. రెండో చేత్తో మూతి మీద ఒక్కటి గుద్దాడు. పెదవి రెండుగా చీలింది. శేషగిరిరావు పళ్ళెం ముందే పడ్డాడు. కొక్కెం ఇప్పుడు మరియదాసు చేతిలో ఉంది. ఒక్కసారి దించితే అయిపోయేది. ఇన్నయ్య చెయ్యి, ఇన్నయ్య నుదురు, తన చెవి, అన్నిటికీ కలిపి.

వాడు కొక్కేన్ని బేలుకు గుచ్చి వదిలేశాడు. "పళ్ళెం చల్లారుతోంది, బాబూ," అన్నాడు.

మొదటి చినుకు వెంకటకృష్ణయ్యగారి బట్టతల మీద పడింది. ఆయన ముందు మబ్బును చూశారు, తర్వాత బేళ్ళను, తర్వాత కొడుకును. "కూర్చోరా," అన్నారు. కొడుకు కదల్లేదు. ఆయన మెడ పట్టి కూర్చోబెట్టి, వీపు మీద చెప్పుతో ఒకటి వేశారు. "కిరాయి కర్రలు తెచ్చినప్పుడు నన్నడిగావా? ఆ నోరు ఒకసారి చెడింది. ఇంకోసారి చెడితే కొత్తగా పోయేదేంది? తిను!"

శేషగిరిరావు పళ్ళెం మీదికి వంగాడు. చీలిన పెదవి నుంచి నెత్తురు బొట్లుబొట్లుగా సంకటి మీద పడుతోంది. ముద్ద తీసి, మిరపకాయ కొరికి, నోట్లో పెట్టుకున్నాడు. కారం చీలిక మీద భగ్గుమంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా నమిలాడు. మింగాడు. ఈసారి ఏం మింగాడో అందరూ చూశారు.

మరియదాసు ఎదురుగా కూర్చున్నాడు. మిగిలిన సంకటి ఎర్రగా ఉంది.

"ఏమయ్యా, ఆ పక్కది తీసేసి తిను," అంది రూతమ్మ.

వాడు తీసెయ్యలేదు. సరిగ్గా నెత్తురు పడ్డచోటే ముద్ద చేసి తిన్నాడు. పళ్ళెం వేలితో తుడిచి నాకాడు. "మీరు నా చెవి తిన్నారు, నేను మీ నెత్తురు తిన్నాను. ఇక లెయ్యండి చినబాబూ, తడిచిపోతారు." చెయ్యిచ్చి లేపాడు. శేషగిరిరావు ఆ చెయ్యి పట్టుకునే లేచాడు.

"ఐలేసా!" అని అరిచాడు మరియదాసు, భుజంలో చీలిక ఉన్నవైపే బేలు ఎత్తుకుంటూ. ఆఖరి బేలు కప్పు కిందికి చేరేదాకా వాన వీధి చివర నిలబడి చూసిందట. ఆ తర్వాత కురిసింది చూడండి, కుడితిగోలెంలో చేపలు పడ్డాయి.

బర్రె మరియదాసు ఇంటికి రాలేదు. నష్టం కింద షావుకారుగారు మళ్ళీ ఇచ్చిన దాన్ని, మొదటి నెత్తురు ముసలాడిదని, ఇన్నయ్య దడిలో కట్టించాడు. అదే ముఠా ముందు చెబితే షావుకారుగారు తలూపారు. రూతమ్మ మొగుణ్ణి వారం పాటు తిట్టింది. తిడుతూనే పొద్దుటా సాయంత్రం చెంబు పట్టుకుని ఇన్నయ్య దడి దాటేది. ఒంటిచేత్తో పాలు తీయలేని ముసలాడికి పితికిపెట్టి, సగం తెచ్చుకునేది. కృపామణి ఆ పాలతోనే నడిచింది, ఆ పాలతోనే పరిగెత్తింది.

ముద్ద కలిసింది గనక మరియదాసు ఆ కథ చెప్పకూడదు. జన్మంతా చేసిన కొట్లాటల్లో అన్నిటికన్నా గొప్పది అదే. చిరుతపులులూ పళ్ళు రాలిన మంత్రసానులూ దాని ముందు బలాదూరు. సారాకొట్టు దగ్గర కుర్రాళ్ళు తప్పుల తడకగా చెబుతుంటే వినలేక, సరిదిద్దలేక, లేచి వెళ్ళిపోయేవాడు.

ఏళ్ళ తర్వాత ఎడ్లపాడు నుంచి పత్తి కొనడానికొచ్చిన ఒకాయన కాటా దగ్గర నిలబడి అడిగాడు. "ఆ చెవేంటయ్యా, అట్టా అయింది?"

కాటా వెనక శేషగిరిరావు తూకపురాళ్ళు సర్దుతూ ఆగిపోయాడు. పై పెదవి మీద మచ్చ తెల్లబడింది.

మరియదాసు బోరెం దించి తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "కుక్క కరిచిందండీ," అన్నాడు.

"అబ్బో! పిచ్చికుక్కా?"

"కాదండీ," అన్నాడు మరియదాసు, ఇంకో బోరెం కింద భుజం పెడుతూ. "మంచి కుక్కే. పైగా మా పొత్తున అన్నం కూడా తిన్నది."

శేషగిరిరావు ఒక్క క్షణం వాడి వంక చూశాడు. తర్వాత తల వంచుకుని, హమాలీ కూలి లెక్కకట్టే ఆ తూకంలో ముల్లు మరియదాసు వైపు కాస్త మొగ్గేలా రాయి వేశాడు.